మూరెడు ఖాళీ

ఉరవకొండలో ఖాసీంబీ బొరుగుల బట్టీ
ఒక పాత మట్టిమిద్దె కింద.
శెనక్కాయ పొట్టు మంట, ఇసక మూకుడు,
చీపురుకట్టతో ఒక్క తిప్పు తిప్పితే
బియ్యం ఉలిక్కిపడి తెల్లబోయేవి.
నేను సంచులు కుట్టేవాణ్ణి.

గవాచిలోంచి పైకి పోయే పొగగొట్టం,
పక్కనే వేపదూలం,
నడుమ వేలు పట్టేంత సందు.
దూలానికి మేకు కొట్టి ఉప్పుసంచి తగిలించింది,
వానాకాలం చెమ్మగిల్లకుండా.
ఉరవకొండలో వానాకాలమా అని నవ్వకండి,
ఆ సంచి మాత్రం ఎప్పుడూ పొడిగానే ఉండేది.

తలుపు గొళ్ళెం బాగుచేయడానికొచ్చిన
వడ్ల వీరనారప్ప
ఊరికే దూలం మీద చెయ్యేసి
చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.
గోటితో గీకితే గోరు నల్లబడింది.

"కట్టె ఒక్కపూటలో కాలదు ఖాసీంబీ.
ముందు నీళ్ళు పోతాయి,
తర్వాత నూనె, తర్వాత వాసన,
కడాకు మొండితనం.
పచ్చిదూలం అంటుకోవాలంటే
మంటే వచ్చి అడగాల.
దీన్ని ఎవురూ అడగబన్లేదు,
గొట్టం కాక సాలు."

"ఇరవై రెండేండ్లు ఏం కాలేదు గదప్పా."

"కాలేదని ఎవురు సెప్పినారు?
అయితా ఉండాది."

ఆమె కూడా చెయ్యి పెట్టి చూసింది.
"సల్లగనే ఉండాదే!"
అబద్ధం కాదు.
కాలే మూకుడు చెవులు గుడ్డ లేకుండా పట్టే చెయ్యి అది.
ఆ చేతిని రాయి చేసిన వేడే
దూలాన్ని దూది చేసింది.

అంటుకున్నది గిరాకీ రోజున కాదు.
ఉరుసుకు ముందు పది సంచుల పొట్టు
రాత్రంతా తగలేసినప్పుడు కాదు.
ఆషాఢంలో ఒక మంగళవారం,
సగం పొయ్యి, సగం బేరం,
మంట ఆర్పి టీ తాగుతుంటే
మిద్దె మట్టి సన్నగా రాలింది.
ఉప్పుసంచి తాడు తెగి పొయ్యిలో పడి చిటపటలాడింది.
పైకి చూస్తే
దూలం లోపల్నుంచి ఎర్రగా ఊపిరి పీలుస్తా ఉంది.

నీళ్ళు పోసినారు, గొడ్డళ్ళు తెచ్చినారు,
ఎవరికీ ఏమీ కాలేదు.
కరెంటు తీగ అన్నారు, దిష్టి అన్నారు.
నా బీడీ అన్నారు.
మూడు రోజులు నాకెవరూ టీ పోయలేదు.

నాలుగోరోజు వీరనారప్ప మిగిలిన తునకను చీల్చినాడు.
ఒక పక్క ఇంకా వేపరంగు,
లోపల కాఫీపొడి,
గొట్టం వైపు ముఖం
కరువేట్లో నల్లరేగడిలా నెర్రెలు.
ఎవరూ మాట్లాడలేదు.
ఖాసీంబీ నాకు టీ పోసింది, రెండు చెంచాల చక్కెరతో.

కొత్త దూలానికీ గొట్టానికీ నడుమ
మూరెడు ఖాళీ వదిలినాడు.
లెక్కలో దానికీ కూలి రాసినాడు, ఐదు వందలు.
"ఏమీ పెట్టని సోటికి దుడ్లేందప్పా?"
"ఏమీ పెట్టకుండా ఉండేదే కష్టంలేమ్మా."

మర్నాడు పొద్దున్నే
మేకూ సుత్తీ పట్టుకుని ఆ ఖాళీ కిందే నిలబడింది,
చేతిలో కొత్త ఉప్పుసంచి.
చాలాసేపు పైకి చూసి
పోయి అవతలి గోడకు కొట్టుకుంది.

ఇప్పుడు రోజూ బట్టీ మూసే ముందు నన్ను పిలుస్తుంది.
"నీ సెయ్యి ఇంకా పచ్చిది, పట్టి సూడు."
నిచ్చెనెక్కి దూలం మీద అరచెయ్యి ఆనిస్తాను.
"సల్లగుందా?"
"సల్లగుంది."

ఈమధ్య మూకుడు దించేది కూడా నేనే.
అరచేతులు గట్టిపడుతున్నాయి.
ఆ సంగతి ఆమెకింకా చెప్పలేదు.