నకలు తుపాకి

పత్తికొండ సంతవీధిలో ఖాసీంపీరా కొట్టు.
బల్ల మీద కొత్త తుపాకి, తాత వేషంలో:
కావాలని నలుపెక్కించిన కర్ర,
తాను పుట్టని సంవత్సరం చెక్కుకున్న గొట్టం.

"నకలే గదన్నా, నమ్మొచ్చునా?"
బుడ్డల చేను పందులపాలైన ఉరుకుందప్ప అడిగినాడు.

పీరా పలకలేదు.
గొట్టం కింది పిడిని వెనక్కి లాగి ముందుకు తోసినాడు.
టక్. టకాల్.
నూరుసార్లు.
చాయ్ మీద మీగడ కట్టింది.
నూటొకటోసారికి డొల్ల తూటా ఇరుక్కుంది.

విప్పి చూస్తే గొట్టం గట్టిదే, కర్రా గట్టిదే,
జొన్నగింజంత స్ప్రింగు అలిసిపోయింది.
డబ్బాలో వెతికి, నిజం పాతదాని స్ప్రింగు బిగించినాడు.

"ఇంగ నకలు కాదా?"
"ఇంగ పనిముట్టు. పో."

ఆ రాత్రి తూటా పేలలేదంట.
చీకట్లో ఆ టకాల్‌కే
పందులు గట్టు దాటినాయంట.

వారానికి పీరా బల్ల మీద
రెండు శేర్ల పచ్చిబుడ్డలు,
ఇంకా మన్ను రాలుతా.