పన్నెండింటికొకటి

మా వెనక గదిలో అద్దెకున్న కుర్రాడు
రాత్రంతా లోకాల్ని గుద్దిస్తాడు.
పేరు బెలార్మినో, కొన్సెప్సియోన్‌లో చదువు.
ఈ చిలోయె దీవి వాన చూడ్డానికి రాలేదు,
గది చవకని వచ్చాడు.

పొద్దున్నే బంగాళదుంప రొట్టె నములుతూ లెక్క చెప్తాడు:
"రాత్రి నలభై భూములు, దోన్యా ఎదువీనా.
మూడింటికే చంద్రుడు నిలిచాడు."
నిలిచాడు, అంటాడు,
కడుపు నిలిచిందన్నట్టు.

నాకు నవ్వాగలేదు.
రాయిని రాయితో కొడితే నిప్పు పుడుతుందని తెలుసు గానీ
చంద్రుడు పుడతాడని ఎవరనుకున్నారు?
మరీ గట్టిగా కొడితే రెండూ పిండవుతాయట.
మెల్లగా ఆనితే ఒకదాన్నొకటి మింగి ఊరుకుంటాయట.
ఓరగా తగలాలి, సరిగ్గా ఇంత ఒరుపుతో, అని
ఉడికిన దుంపకి గుడ్డు తాకించి చూపించాడు.
పచ్చి గుడ్డు. చొక్కా నేనే ఉతికాను.

తర్వాత ఆ ఎగిరిన రాతి తుంపరంతా
తిరిగి తిరిగి ముద్దకట్టాలి.
గ్రహం మరీ లావైనా చిక్కేనట:
అంతా ఆవిరై, ముద్ద కట్టేలోపే
తల్లి ఒళ్ళోకే జారిపోతుందట.

"మొత్తం మీద ఎన్నింటికొకటి?" చేపల బేరంలా అడిగాను.
పన్నెండింటికొకటని ఒక పాత లెక్క ఉందట.
నాలుగింటికొకటీ కావచ్చు, నలభై ఐదింటికొకటీ కావచ్చు.
"ఇదేం లెక్క అబ్బాయ్?
ఇలా గుల్లలమ్మితే దల్కావె సంతలో తంతారు నన్ను."
ఈసారి వాడు నవ్వాడు.
మన సూర్యుడి అవతల వేల గ్రహాలు దొరికాయి,
చంద్రుడు మాత్రం ఒక్కడూ ఖాయం కాలేదన్నాడు.
దొరకనివాణ్ణి లెక్కపెట్టడమే వాడి ఉద్యోగం.

మొన్న, అమావాస్య వెళ్ళిన రెండో రోజు, పెద్ద ఆటు.
మునిమాపు వేళ సముద్రం మూడు నిలువులు దిగింది.
తలకి దీపం కట్టి, చేతికి గుల్లపార ఇచ్చి
వాణ్ణీ తీసుకుపోయాను.
పడవలు పొట్టల మీద పడుకున్నాయి బురదలో.
పడమట, కొండ అంచున, గోటితో గీసినంత వంక.
వంగి, తవ్వి, వేళ్ళు కొంకర్లు పోయాక అడిగాను:
"వాడు లేనిచోట ఈ నేల తేలదా?"

"సూర్యుడి పోటు ఉంటుంది. చిన్నది.
ఇందులో సగం కూడా ఉండదు."

సగం కూడా ఉండదు.
సగం దిగితే నల్లగట్టు బయటపడదు.
పెద్ద గుల్లలన్నీ నల్లగట్టు మీదే.
రోసమెల్ పడవకి ఇంజను, ఇంటి మీద రేకులు,
చిన్నదాని నర్సు చదువు,
నా ముందుపళ్ళు రెండూ
అక్కణ్ణించి తవ్వుకొచ్చినవే.

"ఇంకొకటి," అన్నాడు, పారమీద ఆనుకుని,
"అక్కడ ఆటు రోజూ ఒకే వేళకి.
మనకిలా రోజుకో యాభై నిమిషాలు వెనక్కి జరగదు."
అంటే సముద్రం కూడా ఆఫీసుకెళ్ళే మనిషన్నమాట.
ఒకరోజు చీకట్లో లేవడం, ఒకరోజు భోజనం వదిలి పరిగెత్తడం,
వేళ కుదరలేదని తద్దినాలకీ పెళ్ళిళ్ళకీ ఎగ్గొట్టడం
ఏవీ ఉండవు.
నా బతుకంతా ఆ యాభై నిమిషాల్లోనే జరిగిందని
అప్పటిదాకా తోచలేదు.

ఇంటికొచ్చి వాడు మళ్ళీ లోకాల్ని గుద్దించడానికి కూర్చున్నాడు.
చంద్రుడికో నూలుపోగని
వాడి మేజోళ్ళకి ఇంకో రెండు వరసలల్లాను.
అద్దె మాత్రం తగ్గించలేదు.

వాడి వాటాకి పన్నెండు గుల్లలు మరిగే నీళ్ళలో వేశాను.
లెక్కపెట్టి వేయలేదు, వేశాక లెక్కపెట్టాను.
పదకొండు తెరుచుకున్నాయి.
తెరుచుకోనిది పారెయ్యాలని మా ఊళ్ళో పసిపిల్లలకీ తెలుసు.

కిటికీలో ఉంది ఇంకా.
కొంచెం కంపు కొడుతోంది.