వెనక్కి మూడు కుట్లు

బుసాన్‌లో, సాసాంగ్ పేటలో,
మా కింది వాటా బోంగ్‌సుక్ అవ్వ
పాత పేపరు పరుచుకుని
ఎండు నెత్తళ్ళ తలలు తుంచుతోంది.
ఫోను తీసుకెళ్ళి ముఖం ముందు పెట్టాను.
"రెండుసార్లే తొడిగాడట. సగం ధర.
పొద్దున్నలోగా డబ్బు వేయకపోతే
ఇంకెవరో పట్టుకుపోతారట."

ఆ సగం ధర అంటే నాకు
పెట్రోలు బంకులో పదకొండు రాత్రులు.

చేతులు తుడుచుకోలేదు.
చిటికెన వేలి కొసతో ఫొటో పెద్దది చేసింది.
తెర మీద ఒక పొలుసు అంటుకుని మెరిసింది.
"తొందరపెట్టేవాడి సరుకు
తీరిగ్గా చూడాలి.
పెట్టె పక్కనుండే చీటీ చూపించమను.
బూటు నాలుక వెనక చీటీ కూడా."

రాత్రి పదకొండింటికి పంపాడు.
అంకెలు కలిశాయి. ఎగిరి గంతేశాను.
ఆవిడ కళ్ళజోడు కూడా కదల్లేదు.
"చీటీదేముంది, కాగితముంటే వస్తుంది.
లోపలి అట్ట ఎత్తి తీయమను. అడుగు భాగం కూడా."

అట్ట కింద జిగురు
పొంగిన పాలలా అంచు దాటి ఎండిపోయింది.
రెండు వందల ఎనభైలో
ఎనిమిదికి కింది పొట్ట కాస్త ఎక్కువైంది.
మడమ మీది గుర్తు
వెంట్రుకవాసి ఎడమకు ఒరిగింది.
సరే, పులిని చూసి వాతలు పెట్టుకున్న నక్కే.
ఫోను లాక్కోబోయాను.

ఇవ్వలేదు.
బొటనవేలు వంగే చోట,
కుట్టు ముగిసే చోట ఆగిపోయింది.
సూది వెనక్కి వచ్చింది అక్కడ, మూడుసార్లు.

"కంపెనీ లెక్క రెండే.
మూడోది వేస్తే దారం దండగని
జీతంలో కోసేవాడు మేస్త్రీ.
అయినా వేసేవాళ్ళం, మా వరస వాళ్ళం.
వానలో విచ్చుకోకూడదు కదా."

నాకు అర్థం కాలేదు.
నెత్తళ్ళతో చెబుతున్నట్టు చెప్పింది.
పదిహేడో ఏట మిషను ముందు కూర్చుందట.
మూడు వందల మంది ఆడపిల్లలకి
తెరుచుకునే కిటికీ ఒక్కటే.
ఒకరోజు ఫ్యాక్టరీ ఓడెక్కింది,
మిషన్లు, స్టూళ్ళు, దారపుండలతో సహా.
ఏ దేశానికో ఎవరూ చెప్పలేదు.
ఆ తర్వాత రెండు చలికాలాలు
చేపల గోదాము కింద, నేలమాళిగలో
అవే బూట్లు, అవే చేతులు.
పేరు ఒక్కటే దొంగది.

"కుట్టు నేర్చుకోడానికి చిన్నపిల్లలు వచ్చేవాళ్ళు.
మూడు వేయండర్రా అన్నాను.
వాళ్ళు ఎవరికి నేర్పారో,
వీళ్ళు ఎవరో."

ఫ్రిజ్ మోత వినబడేంతసేపు
ఇద్దరం ఊరుకున్నాం.

"కొననని రాసేయనా?"
"రాయి. నకిలీవని కూడా రాయి.
ఆగు, ఆ అడుగు ఫొటో ఏదీ?"
ఎడమ మడమ బయటివైపు అరిగి
సబ్బుబిళ్ళలా నున్నబడింది.
రెండుసార్లు తొడిగితే వచ్చే అరుగుదల కాదు,
రెండేళ్ళ నడక.
"ఆ అబ్బాయికి కాలు బయటికి వాలుతోంది.
మడమ కింద పల్చటి తోలుముక్క పెట్టుకోమను.
లేకపోతే నలభై దాటేసరికి మోకాలు పోతుంది."
"అవ్వా, వాడు మోసగాడు!"
"మోసగాడికి మోకాలుండదా?"

అదీ రాశాను, అక్షరం పొల్లుపోకుండా.
చదివినట్టు తెలిసింది. జవాబు లేదు.

పొద్దున చూస్తే బూట్లు ఇంకా అమ్మకంలోనే ఉన్నాయి.
'అసలువి' అన్న మాట తీసేశాడు.
'రెండుసార్లు' అన్నదీ తీసేశాడు.
ధర మాత్రం ఒక్క వాన్ కూడా తగ్గించలేదు.

పరిగెత్తుకెళ్ళి చెప్పాను.
నెత్తళ్ళు వేయిస్తోంది.
"ఎందుకు తగ్గించాలి?
మూడు కుట్లున్నాయి"
అంది, మంట తగ్గిస్తూ.