రెండు బారల తాడు

బీచ్ రోడ్డులో విరూపాక్షం గారి విగ్రహానికి
ఏటా పుట్టినరోజు ముందు రంగు వేస్తారు.
ఈసారి కింద పలక కూడా మారుస్తారట,
నలభై మాటల్లో రాసిమ్మని నాకు చెప్పారు.

నలభై ఎందుకు, కళ్లు మూసుకుని చెప్పేస్తాననుకున్నాను.
ఆరో తరగతి వక్తృత్వపు పోటీలో
ఆయన్నే కంఠతా పట్టి స్టీలు గ్లాసు గెల్చుకున్నదాన్ని.
"వలలు లాగే చేతుల బరువు దించిన మహనీయుడు",
అక్కడ చెయ్యి పైకెత్తాలని టీచరు నేర్పింది.

మ్యూజియం బీరువాలో ఆయన నోటుబుక్కులు ఏడు.
ఉప్పుగాలికి అట్టలు ఉబ్బాయి.
గిలక బొమ్మలు చూస్తే ఇప్పటికీ చూపు తిప్పుకోలేను,
ఒక్కో పన్నూ బియ్యపు గింజ తీర్చినట్టు.
నాలుగో పుస్తకంలో, ఒక శుక్రవారం:
"నమూనా వెనక్కి జారినది. నష్టము: తాడు, రెండు బారలు."

ఆ తాడు కొసన ఎవరున్నారో
పుస్తకంలో లేదు.
జాలరిపేటలో ఉంది.
చోడిపల్లి ఎర్రయ్య. కుడిచెయ్యి.
చిటికెన వేలూ, దాని పక్కదీ.
కట్టు విప్పకముందే తుమ్మచెక్క ఒకటి చెక్కించి తెచ్చాడట,
పళ్ల మధ్య పడి
చక్రాన్ని వెనక్కి పోనివ్వని చిన్న నాలుక.

తర్వాతి పేజీలో అదే నాలుక, సిరాతో, కొలతలతో.
పక్కన ఒక పేరు రాసి కొట్టేసి ఉంది
కాగితం చిరిగేంత గట్టిగా.
కిటికీ వెలుగుకి ఎత్తి చూశాను.
మొదటి అక్షరం ఎ కావచ్చు.
కాకపోనూవచ్చు.

అన్యాయంగా మాట్లాడకూడదు.
ఆ చెక్కని ఇనుములో పోయించడానికి
భార్య గాజులు అమ్మాడు ఆయన,
మూడు ఫౌండ్రీల గుమ్మాలెక్కి మూడుచోట్లా నవ్వులపాలయ్యాడు.
ఆయనే లేకపోతే ఆ నాలుక
ఏ పొయ్యిలోనో కాలిపోయేది.
ఇదీ ఆ నలభైలోనే పట్టాలి.

ఎర్రయ్య మనవరాలు నూకరత్నం
హార్బర్లో వంజరం కోస్తోంది.
అంతా చెప్పాను. కత్తి ఆపలేదు.
"ఏళ్లు పోనాయి కదమ్మా, ఇప్పుడేటి?" అంది.
ఏళ్లంటే సంవత్సరాలో, వేళ్లో
అడగలేకపోయాను.

తెల్లారుజామున బోట్లొచ్చాయి.
గిలకలు తిరుగుతుంటే టక్, టక్, టక్.
చిన్నప్పుడు వాటిని
చప్పట్లనుకునేదాన్ని.

పలకకి ఇంకా మొదటి మాట దొరకలేదు.
రంగులాయన నిచ్చెనెక్కేశాడు,
పైకెత్తిన ఆ కుడిచేతికి
ఒక్కో వేలూ పట్టుకుని
వెండిరంగు పూస్తున్నాడు, అయిదింటికీ.