ఏడో పొట్లం

నాలుగున్నరకే బయల్దేరతాం అల్ ఐన్ నుంచి.
యూనివర్సిటీ జీపులో ఐసు పెట్టె, ఊదా మూతల గొట్టాలు,
డాక్టర్ ఇద్రీస్ గారి ఫ్లాస్కులో అల్లం కాఫీ.
హఫీత్ కొండ వెనకపడే వేళకి
తారు అయిపోయి ఇసక మొదలవుతుంది.

ఎజ్బా అంటే ఒక ఇనప కంచె, నీళ్ళ ట్యాంకరు,
నలభై ఒక్క ఒంటెలు,
వాటికో హుసేనప్ప.
సుండుపల్లి మనిషి. వచ్చి పదకొండేళ్ళు.
పీర్ల పండగనాడు పుట్టాడట, అందుకని ఆ పేరు.
అతను మెడ వంచి పట్టుకుంటే
నేను నరం వెతుక్కుంటాను.
తిరుపతిలో బర్రెల మీద నేర్చుకున్న చెయ్యి,
ఈ ఎత్తుకి ఇంకా అలవాటు పడలేదు.

"ఇంత పెద్దయినాంక గూడా ఏం సదువుతాండావు మేడం?"
"పరాన్నజీవులు."
"అంటే?"
"పక్కవాడి కూడు తిని బతికేవి."
ఒంటె మూతి తుడుస్తూ కాసేపు ఆలోచించాడు.
"కూడు పెట్టేవానికి తెలుస్తాదా?"

ఏ సెమినార్‌లోనూ నన్నెవరూ ఇంత సూటిగా అడగలేదు.

తెలుస్తుంది హుసేనప్పా, ఆలస్యంగా.
ఒళ్ళు గుర్తుపట్టి తరిమేలోపు
అది చొక్కా మార్చుకుంటుంది.
మళ్ళీ జ్వరం, మళ్ళీ కొత్త చొక్కా,
మూపురం కరిగిపోయేదాకా.

సూక్ష్మదర్శిని కింద
ఒంటె ఎర్రకణాలు గుండ్రంగా ఉండవు,
కోలగా, తూర్పారబట్టిన వడ్లలా పరుచుకుంటాయి.
ఎక్కడో ఒక గింజ కదులుతుంది.
గింజ కాదు, గింజల్ని తోసుకుంటూ పోయే
పలచటి తోక.
సర్రా అంటారు ఆ జబ్బుని.
సర్రున పోతుంది కాబట్టి అనుకున్నాను మొదట.
వ్యుత్పత్తి అది కాదని తర్వాత చదివాను,
అయినా నాది నేను వదులుకోలేదు.

ఆరోజు పదహారో ఒంటె దగ్గర ఆగి
ఉచ్చకి తడిసిన ఇసక గుప్పెడు తీసి
ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
"దీనికుండాది జబ్బు. మాగిన వాసన."
నేను నవ్వి, నంబరు రాసుకున్నాను.
మూడు రోజులకి జెల్ మీద
పదహారో గడిలో గీత వెలిగింది.

"మా తాతా ఇంతే, కొర్దొఫాన్‌లో" అన్నారు ఇద్రీస్ గారు.
"కానీ జర్నళ్ళు తాతల్ని అచ్చు వెయ్యవు. లెక్క తీసుకురా."

ఫిబ్రవరిలో లెక్క కోసం వెళ్ళాను.
ఇరవై పొట్లాలు, మీద అంకెలు మాత్రమే.
ఏది ఏ ఒంటెదో నాకూ తెలియకుండా
ల్యాబులో సలోమీ కలిపి ఇచ్చింది.
ట్యాంకరు నీడలో గొంతుక్కూచుని
బేరానికొచ్చిన చింతపండు చూసినట్టు
ఒక్కోటీ విప్పాడు.
"ఉండాది." "లేదు." "లేదు."
"ఉండాది, కొత్తగా."

ఏడో పొట్లం దగ్గర ముఖం మారింది.
ఇంకోసారి చూశాడు.
"ఇది ఒంటెది గాదు. నా రూము ముందరి ఇసక.
రోజూ గంజి వార్చేది ఆడనే."

నిజమే. ముందురోజు సాయంత్రం
అతను మేత వేస్తుంటే
గుప్పెడు తీసుకెళ్ళింది నేనే.
పోల్చి చూడ్డానికి ఒక ఉత్త ఇసక కావాలి కదా అని.
"అడిగింటే ఇయ్యనా?" అన్నాడు.
అంతే. ఎనిమిదోది విప్పాడు.

ఇరవైలో పదిహేడు సరిపోయాయి.
మూడో అధ్యాయంలో పట్టిక వేశాను.
పరిశీలకుడు: ఒకరు. అనుభవం: పదకొండేళ్ళు.
పేరుకి అందులో గడి లేదు.
ఏడో నమూనాకి ఎదురుగా
'వ్యాధి లేదు' అని కొట్టాను.
పక్కన 'ఇతర వివరాలు' ఖాళీగా ఉంటే
గంజి, అని తెలుగులోనే రాశాను.

చిత్తుప్రతి తిరిగొచ్చింది.
ఆ మాట చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి
పక్కన ప్రశ్నార్థకం పెట్టారు ఇద్రీస్ గారు.
కొట్టెయ్యలేదు.