ఆరిజోనా ఎడారిలో సత్రం

గోడ ఒకప్పటి చెట్టే.
ఇరవై కోట్ల ఏళ్లు మట్టిలో మునిగి
రాయై లేచింది.
పైన దూలమూ చెట్టే –
మొన్న మొన్న, పనుల్లేని కాలంలో
రోజుకో డాలరు కూలికి
డెల్మర్ అనే కుర్రాడు గొడ్డలితో చెక్కింది.
నెలనెలా ఇంటికి పంపగా
వాడికి మిగిలింది ఐదు డాలర్లు, బొబ్బలు.

గాజు కప్పు మీది కుండల బొమ్మలు
మధ్యాహ్నం నేలమీదికి దిగి
కాసేపు కూర్చుంటాయి, బాటసారుల్లాగే.

కింద మాత్రం బంకమన్ను.
వాన పడితే ఉబ్బుతుంది, ఎండితే కుంగుతుంది.
ఏటా ఓ గోడ నోరు తెరుస్తుంది.
వెర్లెనా తాపీ పట్టుకొచ్చి
నవాహోలో దాన్ని తిడుతూ
పూడుస్తుంది.

ఒక్క పగులు మాత్రం వదిలేసింది.
రాతి చెట్టు పలుకులు ఏరి తెచ్చి
ఓ పిట్ట
అక్కడ గడప పరుచుకుంటోంది.