నోట్లో మేకులు

ఆదోనిలో మూతబడిన జిన్నింగు మిల్లు షెడ్డు.
టేకు ఒంటి పాత కారు.
కప్పు గుడ్డ లాగేస్తే పక్కటెముకలు.

కాసింపీరా నోటినిండా చిన్నమేకులు,
ఏమడిగినా కనుబొమ్మే జవాబు.
తానే ఏకిన దూది పరిచి, కాన్వాసు కప్పి
నట్టనడుమ మొదటి మేకు;
ఆనక ముందుకొకటి, వెనక్కొకటి.
"ఒకపక్కే గుంజితే ముడత మిగుల్తాది"
మేకులయిపోయినాక అన్నాడు.

పాత బొక్కల్లో మేకు నిలవదు.
వాటి సందున గట్టి చెక్క కోసం
బొటనవేలితో తడుముతా తడుముతా
"ముందు కొట్టినోడిదీ ఎడమచెయ్యే" అని నవ్వినాడు,
బొక్కల వాలు చూసి.

నూనెరంగు ఆరిన నాల్గోనాడు
కప్పు మీద బిందెడు నీళ్లు గుమ్మరించి
డోరు తీసి లోపల కూర్చున్నాడు.
మూడేండ్లుగా చినుక్కోసం పైకెత్తిన మొగం
ఈపొద్దు
ఒక్క చుక్కా రాకూడదని మొక్కుకుంటా.